పసిపిల్లల వెన్నుపూసల్లో ఇన్ఫెక్షన్: గుర్తింపు, చికిత్స – ఒక సమీక్ష

ఏడాదిన్నర బిడ్డకు నడుం నొప్పి వస్తే ఆ మాట చెప్పలేడు. నడవడం మానేస్తాడు. కూర్చోబెడితే పక్కకు ఒరిగిపోతాడు. ఎత్తుకోబోతే కెవ్వుమంటాడు. ఒళ్లు వెచ్చగా ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఎక్కడో పడ్డాడనుకుని ఇంట్లోవాళ్లు కాలికి నూనె రాసి మర్దనా చేస్తారు, కొందరు నాటు కట్టు కట్టిస్తారు. డాక్టరు మోకాలు చూస్తారు, తుంటి చూస్తారు, ఎక్స్‌రే తీయిస్తారు. అన్నీ బాగానే ఉన్నాయంటారు. ఇలా రెండు మూడు వారాలు గడిచాక గానీ ఎవరి చూపూ వెన్ను మీదికి మళ్లదు. పసిపిల్లల వెన్ను ఇన్ఫెక్షన్ల మీద దేశదేశాల డాక్టర్లు రాసిన నివేదికలు తిరగేస్తే పదే పదే ఎదురయ్యే కథ ఇదే.

ఇది అరుదైన జబ్బు. అరుదు కాబట్టే తొందరగా తట్టదు. తట్టిందంటే మాత్రం వైద్యం ఉంది, ఎక్కువమంది పిల్లలు పూర్తిగా కోలుకుంటారు. నష్టం జరిగేది ఎక్కువగా మందులు దొరక్క కాదు, గుర్తించడంలో ఆలస్యం వల్ల. మన దేశంలో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. వెన్నులో ఇన్ఫెక్షన్ ఉందని తేలాక, అది చీము పుట్టించే మామూలు బాక్టీరియానా, క్షయా అన్న ప్రశ్న వెంటనే లేస్తుంది. ఒకదానికి కొన్ని వారాల మందులు, రెండోదానికి ఏడాది మందులు. ఈ రెండు విషయాలనూ పట్టుకుని, ఇప్పటిదాకా తెలిసింది ఏమిటో, తేలనిది ఏమిటో చూద్దాం.

వెన్నులోకి క్రిమి ఎలా చేరుతుంది?

రెండు వెన్నుపూసల మధ్య మెత్తటి డిస్కు ఉంటుంది. పెద్దవాళ్లలో దానిలోకి రక్తనాళాలు వెళ్లవు. పసిపిల్లల్లో అలా కాదు. వెన్నుపూస అంచున ఉండే మృదులాస్థి పలకలోంచి సన్నటి రక్తనాళాలు డిస్కు దాకా పోతాయి. వయసు పెరిగేకొద్దీ అవి మూసుకుపోతాయి. గొంతులోనో చర్మం మీదో ఉన్న క్రిమి రక్తంలోకి దిగి, ఈ సన్నటి నాళాల్లో చిక్కుకుని అక్కడే స్థిరపడుతుంది. ఎక్కువగా నడుం దగ్గరి పూసల్లోనే ఇలా జరుగుతుంది.

ఇంకో తేడా కూడా ఉంది. పసిబిడ్డల వెన్నుపూసలో ధమనులు ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. ఒక నాళం మూసుకుపోయినా పక్క నాళంలోంచి రక్తం అందుతుంది కనుక ఎముక చచ్చుబడదు, జబ్బు డిస్కు చుట్టూనే ఆగిపోతుంది. వయసు పెరిగాక ఆ కలయికలు తగ్గుతాయి. అప్పుడు నాళం మూసుకుపోతే ఆ మేర ఎముక దెబ్బతింటుంది. అందుకే చిన్నపిల్లల్లో డిస్కు వాపు, పెద్దపిల్లల్లో వెన్నుపూస ఇన్ఫెక్షన్ ఎక్కువ.

ఈ రెండూ వేర్వేరు జబ్బులా అన్న చర్చ చాలాకాలం నడిచింది. 1964లో ఆస్ట్రేలియా ఎముకల వైద్యుడు మాల్కమ్ మెనెలాస్ పిల్లల డిస్కైటిస్ గురించి రాసినప్పుడు దాన్ని డిస్కుకు వచ్చే వాపు అన్నారు. అప్పట్లో చాలామంది పిల్లలకు విశ్రాంతి, పట్టీలే వైద్యం. ఎమ్మారై వచ్చాక డిస్కుతోపాటు పైపూస, కిందిపూస అంచుల్లోనూ మార్పులు కనిపించాయి. 1995లో అమెరికాకు చెందిన రింగ్, జాన్‌స్టన్, వెంగర్ ఈ రెండూ ఒకే జబ్బుకు రెండు కొసలని వాదించారు. సెలైన్ ద్వారా యాంటీబయాటిక్ అందుకున్న పిల్లలు త్వరగా తేరుకున్నారని, జబ్బు తిరగబెట్టడం కూడా తక్కువని చూపారు. అప్పటినుంచి విశ్రాంతితోనే సరిపెట్టే పద్ధతి వెనకబడింది.

2000లో డల్లస్ డాక్టర్లు ప్రచురించిన 18 ఏళ్ల సమీక్షలో 36 మంది డిస్కైటిస్ పిల్లలు, 14 మంది వెన్నుపూస ఇన్ఫెక్షన్ పిల్లలు ఉన్నారు. మొదటి జట్టు సగటు వయసు 2.8 ఏళ్లు, రెండో జట్టు 7.5 ఏళ్లు. డిస్కైటిస్ వచ్చిన పిల్లల్లో జ్వరం ఉన్నవాళ్లు మూడోవంతు కూడా లేరు. జ్వరం లేదు కాబట్టి ఇన్ఫెక్షన్ కాదనుకోవడం ఎంత పొరపాటో ఈ ఒక్క అంకె చెబుతుంది.

వయసుతో మారే క్రిములు

పిల్లలను మూడు వయసు జట్లుగా చూడటం సౌకర్యం. మొదటిది ఆరు నెలల లోపు. వీళ్లలో కేసులు తక్కువ, ప్రమాదం ఎక్కువ. సాధారణంగా రక్తమంతా ఇన్ఫెక్షన్ ఉంటుంది. స్టాఫిలోకాకస్ ఆరియస్ ప్రధాన దోషి. నెలల పిల్లల్లో ఈ.కోలై వంటివీ ఉంటాయి. వెన్నుపూస కరిగిపోయి తర్వాత గూని రావడం ఈ వయసులో ఎక్కువ.

రెండోది ఆరు నెలల నుంచి నాలుగేళ్ల దాకా. కేసుల్లో ఎక్కువ భాగం ఈ వయసువే. చాలాకాలం ఈ పిల్లల్లో ఏ క్రిమీ దొరికేది కాదు. కల్చర్ పెడితే ఏమీ పెరగలేదనే రిపోర్టు వచ్చేది. ఈ ముడి విప్పింది కింగెల్లా కింగే అనే బాక్టీరియా. అమెరికాలో ఎలిజబెత్ కింగ్ దీన్ని 1960లలో గుర్తించారు. ఆమె పేరే దానికి నిలిచింది. ఇది పసిపిల్లల గొంతులో ఏ హానీ చేయకుండా ఉంటుంది. జలుబు చేసినప్పుడో, నోట్లో పుండ్లు పడినప్పుడో రక్తంలోకి దిగుతుంది. మామూలు కల్చర్ ప్లేటు మీద సరిగా పెరగదు. ఇజ్రాయెల్ వైద్యుడు పాబ్లో యాగుప్‌స్కీ బృందం 1992లో, కీలునుంచి తీసిన ద్రవాన్ని ప్లేటు మీద కాక బ్లడ్ కల్చర్ సీసాలో వేస్తే ఈ క్రిమి బయటపడుతుందని చూపింది. ఆ తర్వాత క్రిమి జన్యువులను పట్టే పీసీఆర్ పరీక్ష వచ్చింది. జెనీవా వైద్యులు గొంతు స్వాబ్ మీద పీసీఆర్ చేసి దీన్ని వెతకడం మొదలుపెట్టారు. గొంతులో ఉన్నంత మాత్రాన వెన్నులోనూ ఉందని రుజువు కాదు. అయినా కల్చర్‌లో ఏమీ లేని పసిబిడ్డకు ఏ మందు మొదలుపెట్టాలో తేల్చుకోవడానికి ఇది పనికొస్తుంది.

మూడోది నాలుగేళ్లు దాటిన పిల్లలు. ఇక్కడ మళ్లీ స్టాఫిలోకాకస్‌దే పెద్దరికం. జ్వరం ఎక్కువ, నొప్పి ఎక్కువ, చీముగడ్డలు ఎక్కువ.

మన ప్రాంతంలో ఇంకో రెండు విషయాలు అడిగి తీరాలి. సికిల్ సెల్ జబ్బున్న పిల్లల ఎముకల్లో సాల్మొనెల్లా చేరే అవకాశం ఎక్కువ. మన్యంలోనూ, ఆదిలాబాద్ వైపు గిరిజన కుటుంబాల్లోనూ ఈ జబ్బు ఉంది కనుక అక్కడి బిడ్డకు ఆ పరీక్ష చేయించకుండా వదలకూడదు. గొర్రెలు, మేకలు, పశువులు ఉన్న ఇంట్లో కాచని పాలు తాగే అలవాటుంటే బ్రూసెల్లాను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

బిడ్డను చూడటంలోనే సగం రోగ నిర్ధారణ

పసిపిల్లలు నడుం నొప్పి అనరు, ఒంటితో చూపిస్తారు. లంగోటీ మార్చేందుకు రెండు కాళ్లూ పైకెత్తితే నడుము వంగుతుంది. ఆ క్షణంలో ఏడుపు మొదలైతే అది గట్టి గుర్తు. కూర్చోబెడితే రెండు చేతులూ వెనక్కి ఆనించి, వెన్నును కర్రలా బిగబట్టి కూర్చుంటాడు. నడిచే పిల్లల కోసం ఇంకో పరీక్ష ఉంది. నేల మీద ఒక బొమ్మ పెట్టి తీసుకోమనాలి. మామూలు బిడ్డ నడుం వంచి తీసుకుంటాడు. వెన్ను నొప్పి ఉన్న బిడ్డ నడుం వంచడు. ఒక చెయ్యి తొడ మీద ఆనించి, మోకాళ్లు మడిచి, వీపు నిటారుగా ఉంచి గొంతుక్కూర్చుని తీసుకుంటాడు. లేచేటప్పుడు చేతులతో తొడల మీదుగా పైకి పాకుతాడు. దీనికి ఏ యంత్రమూ అక్కర్లేదు. పల్లెలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రెండు నిమిషాల్లో చూడొచ్చు.

కొంచెం పెద్ద పిల్లలు కడుపునొప్పి అంటారు. మలబద్ధకం కూడా ఉండొచ్చు. అపెండిక్స్ అనుకుని సర్జన్ దగ్గరకు చేరిన పిల్లలూ ఉన్నారు. కుంటుతున్న బిడ్డకు తుంటి కీలు అన్ని వైపులకూ సాఫీగా తిరుగుతుంటే, జబ్బు తుంటిలో లేదు, ఇంకా పైన వెతకాలన్నమాట.

కాళ్లలో బలం తగ్గడం, మూత్రం ఆగిపోవడం లేదా అదుపు తప్పడం, తాకితే తెలియకపోవడం – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెన్నుపాము మీద చీముగడ్డ ఒత్తుతోందేమోనని అనుమానించాలి. అప్పుడు రేపు చూద్దామన్న మాటే ఉండకూడదు.

ఇన్ఫెక్షన్‌లాగే కనిపించే ఇతర జబ్బులనూ మరవకూడదు. రక్త కాన్సర్ పసిపిల్లల్లో మొదట ఎముకల నొప్పిగా, నడవకపోవడంగా బయటపడొచ్చు. న్యూరోబ్లాస్టోమా, లాంగర్‌హాన్స్ కణాల జబ్బు కూడా వెన్నుపూసను పట్టగలవు. అందుకే కారణం తేలకముందే నొప్పి తగ్గాలని స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వడం పెద్ద తప్పు. అది రక్త కాన్సర్‌ను కొన్నాళ్లు కప్పిపెడుతుంది, క్షయ ఉంటే దాన్ని రెచ్చగొడుతుంది.

పరీక్షలు: ఏది ఎప్పుడు?

ఒంట్లో వాపును చూపించే ఈఎస్ఆర్, సీఆర్పీ రక్తంలో పెరుగుతాయి. తెల్ల రక్తకణాల సంఖ్య చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. ఈఎస్ఆర్ పెరిగి, బిడ్డ కూర్చోనంటున్నాడంటే వెన్నును అనుమానించడానికి ఆ రెండూ చాలు. సీఆర్పీకి ఇంకో ఉపయోగం ఉంది. మందు పనిచేస్తుంటే అది కొన్ని రోజుల్లోనే దిగుతుంది. ఈఎస్ఆర్ దిగడానికి వారాలు పడుతుంది.

బ్లడ్ కల్చర్‌లో క్రిమి దొరికేది కొద్దిమందిలోనే. అయినా యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే అది పంపి తీరాలి. మన దగ్గర ఇక్కడే దారి తప్పుతోంది. పెద్దాసుపత్రికి చేరేసరికి బిడ్డకు మందుల షాపులోనో, ఆర్‌ఎంపీ దగ్గరో రెండు మూడు రకాల యాంటీబయాటిక్‌లు పడి ఉంటాయి. కల్చర్‌లో ఏమీ పెరగదు. అంతకంటే పెద్ద ప్రమాదం లెవోఫ్లాక్ససిన్, అమికాసిన్, లినెజోలిడ్ లాంటి మందులతో ఉంది. అవి క్షయ క్రిమి మీద కూడా పనిచేస్తాయి. నొప్పి కొంచెం తగ్గుతుంది, క్షయ నయం కాదు, పైగా పరీక్షల్లో దొరకకుండా దాక్కుంటుంది.

ఎక్స్‌రే మొదటి రెండు మూడు వారాలు మామూలుగా ఉండొచ్చు. డిస్కు ఖాళీ తగ్గడం, పూస అంచులు గరుకుగా మారడం ఆ తర్వాత కనిపిస్తాయి. కాబట్టి తొలి వారంలో తీసిన ఎక్స్‌రే బాగుందంటే జబ్బు లేదని కాదు.

ఎమ్మారై ఇప్పుడు ఈ జబ్బుకు ప్రామాణిక పరీక్ష. తొలి రోజుల్లోనే మార్పులు పట్టిస్తుంది. డిస్కు, పూస, పక్కన ఉన్న సోయాస్ కండరంలో చీము, వెన్నుపాము చుట్టూ గడ్డ అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. ఒక్క నడుముకే కాక వెన్ను మొత్తానికి తీయించడం మంచిది. ముఖ్యంగా క్షయలో ఒకచోట నొప్పి ఉంటే ఇంకోచోట రెండో జబ్బుపూస దాగి ఉండొచ్చు. చిన్నపిల్లలకు మత్తు ఇచ్చి చేయాల్సి వస్తుంది కాబట్టి పిల్లల మత్తు డాక్టరు ఉన్నచోటే చేయించాలి. మత్తుకు భయపడి ఎమ్మారై వాయిదా వేయడం మాత్రం సరైన లెక్క కాదు.

బయాప్సీ చేయాలా?

ఈ ప్రశ్న దగ్గర వైద్యలోకం రెండుగా చీలింది. పశ్చిమ ఐరోపాలో, అమెరికాలో చాలామంది వద్దంటారు. పసిబిడ్డ వెన్నులోకి సూది దించినా క్రిమి దొరకని సందర్భాలు చాలా ఉన్నాయి, మత్తు అవసరం, ఎలాగూ మామూలు యాంటీబయాటిక్‌తో ఎక్కువమంది కోలుకుంటారు కనుక ముందు మందు ఇచ్చి చూద్దామన్నది వాళ్ల వాదన. మందుకు లొంగకపోతేనే బయాప్సీ.

ఆ వాదన ఆ దేశాలకు సరిపోతుంది. ప్రపంచంలోని క్షయ కేసుల్లో దాదాపు నాలుగోవంతు మన దేశంలోనే ఉన్నాయి. ఇక్కడ దాన్ని యథాతథంగా దిగుమతి చేసుకోలేం. అలాగని ప్రతి బిడ్డకూ సూది దించాలనీ కాదు. మధ్యేమార్గం ఇలా ఉండాలి: కొద్ది రోజుల్లోనే మొదలైన బాధ, ఒకే డిస్కు, పెద్ద గడ్డలు లేవు, ఇంట్లో క్షయ రోగి లేడు – అలాంటి బిడ్డకు బ్లడ్ కల్చర్ పంపి, మందు మొదలుపెట్టి, దగ్గరుండి గమనించవచ్చు. వారం పదిరోజుల్లో నొప్పి, సీఆర్పీ దిగకపోతే ఆగకూడదు. నెలల తరబడి బాధ, బరువు తగ్గడం, రెండు మూడు పూసలు కరగడం, పెద్ద చీముగడ్డ, గూని మొదలవడం, ఇంట్లో తాతకో మేనమామకో క్షయ ఉండటం – వీటిలో ఏదున్నా ముందే నమూనా తీయాలి.

తీసిన నమూనాను ఒకే పరీక్షకు పంపడం వృథా. మామూలు కల్చర్, బ్లడ్ కల్చర్ సీసా, క్షయ కల్చర్, క్షయ క్రిమి జన్యువులను పట్టే సీబీనాట్ లేదా ట్రూనాట్, హిస్టోపాథాలజీ అన్నిటికీ పంచాలి. ఆపరేషన్ థియేటర్లో మొత్తం ముక్కను ఫార్మలిన్ డబ్బాలో వేస్తే ఇక కల్చర్ అన్న మాటే ఉండదు. ఎముక నమూనాలో క్రిములు తక్కువగా ఉంటాయి కనుక సీబీనాట్‌లో రాలేదంటే క్షయ లేదని కాదు. వచ్చిందంటే మాత్రం రెండు గంటల్లో క్షయ అనీ, రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో కూడా చెప్పేస్తుంది.

యాంటీబయాటిక్ ఎంతకాలం?

పసిపిల్లల వెన్ను ఇన్ఫెక్షన్‌కు ఇన్ని వారాలే మందు అని తేల్చిన పెద్ద ట్రయల్ లేదు. ఉన్నవన్నీ ఆసుపత్రుల పాత రికార్డుల నుంచి తీసిన సమీక్షలే. ఎక్కువమంది పాటించేది మొత్తం నాలుగు నుంచి ఆరు వారాలు. మొదట సెలైన్ ద్వారా, తర్వాత నోటి ద్వారా.

సెలైన్ ఎన్నాళ్లు అన్నదాంట్లో ధోరణి మారుతోంది. 2010లో ఫిన్లాండ్ వైద్యుడు హైక్కి పెల్టోలా బృందం, పిల్లల ఎముక ఇన్ఫెక్షన్లలో 20 రోజుల మందు 30 రోజులతో సమానంగా పనిచేసిందని 131 మంది పిల్లల మీద చూపింది. వాళ్లకు సెలైన్ మందు మొదటి కొద్ది రోజులే. 2015లో అమెరికాలో, ఇంటికి పంపాక పెద్ద రక్తనాళంలో ట్యూబుతో మందు కొనసాగించిన పిల్లలనూ, మాత్రలు, సిరప్‌లు తీసుకున్న పిల్లలనూ పోల్చారు. ఫలితం ఒకటే, ట్యూబు పెట్టినవాళ్లలో మాత్రం దాని వల్ల వచ్చే చిక్కులు ఎక్కువ. ఈ రెండూ ప్రధానంగా చేతి, కాలి ఎముకల గురించినవి. వాటిని వెన్నుకు అన్వయించేటప్పుడు కొంత జాగ్రత్త అవసరమే. అయినా జ్వరం తగ్గి, బిడ్డ మళ్లీ కూర్చుంటూ, సీఆర్పీ దిగుతుంటే నోటి మందుకు మారొచ్చన్న అభిప్రాయం బలపడింది. ఆరు నెలల లోపు పసికందులకు, చీముగడ్డలు ఉన్నవాళ్లకు, మందులకు లొంగని స్టాఫిలోకాకస్ ఉన్నవాళ్లకు ఈ తొందర పనికిరాదు.

మందు ఎంపికలో ఒక విషయం మరవకూడదు. వాంకోమైసిన్, క్లిండామైసిన్ స్టాఫిలోకాకస్‌కు మంచి మందులే, కింగెల్లా మీద పనిచేయవు. సెఫజోలిన్ లాంటి సెఫలోస్పోరిన్‌లు దాని మీద పనిచేస్తాయి. అందుకే నాలుగేళ్ల లోపు బిడ్డకు మొదటి మందులో ఇలాంటిది ఒకటి ఉండాలి. పట్టీ, బ్రేస్ నొప్పి తగ్గడానికి ఉపయోగపడతాయి. అవి ఇన్ఫెక్షన్‌ను నయం చేయవు.

వెన్ను క్షయ: మన ఇంటి సమస్య

1779లో లండన్ సర్జన్ పెర్సివల్ పాట్ గూని, కాళ్లు పడిపోవడం కలిసి వచ్చే ఈ జబ్బును వర్ణించారు. 1882లో రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని కనిపెట్టారు. ఎముకల క్షయలో దాదాపు సగం వెన్నుదే. పుట్టగానే వేసే బీసీజీ టీకా మెదడు క్షయ లాంటి తీవ్ర రూపాల నుంచి పసివాళ్లను బాగా కాపాడుతుంది కానీ వెన్ను క్షయ రానే రాదన్న హామీ ఇవ్వదు.

దీని చికిత్సలో ప్రపంచానికి దారి చూపిన పనిలో మన దేశానిది పెద్ద వాటా. బ్రిటిష్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ట్రయల్స్ కొరియా, రొడీషియా, హాంకాంగ్, మద్రాసుల్లో జరిగాయి. మందులు సక్రమంగా వాడితే నెలల తరబడి మంచాన పడుకోబెట్టడం, ప్లాస్టర్ జాకెట్ వేయడం అక్కర్లేదని అవి చూపాయి. 1975లో బనారస్‌కు చెందిన ఎస్.ఎం. తులి మధ్యేమార్గ పద్ధతిని ప్రచురించారు: అందరికీ మందులు, అవసరమైన కొద్దిమందికే ఆపరేషన్.

అయితే పిల్లల వెన్ను పెరిగే వెన్ను. కోయంబత్తూరు వైద్యుడు ఎస్. రాజశేఖరన్ 61 మంది పిల్లలను 15 ఏళ్లపాటు గమనించి 2001లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో మైలురాయి. క్షయ నయమైపోయాక కూడా దాదాపు ఐదింట రెండు వంతుల మందిలో గూని పెరుగుతూ పోయింది. ఎవరిలో పెరుగుతుందో ముందే చెప్పే నాలుగు ఎక్స్‌రే గుర్తులను ఆయన చూపారు: వెనక కీళ్లు విడిపోవడం, పూస వెనక్కి జరగడం, పక్కకు జరగడం, పైపూస ముందుకు తూలడం. ఇవి కలిసి కనిపిస్తే గూని ముదరకముందే ఆపరేషన్ గురించి ఆలోచించాలి. అంటే మందుల కోర్సు పూర్తయిన రోజున బిడ్డ వైద్యం పూర్తయినట్టు కాదు. ఎదుగుదల ఆగేదాకా ఏటా చూపించాలి.

మందుల కాలం మీదా భేదాభిప్రాయం ఉంది. పాత ట్రయల్స్ ఆరు నుంచి తొమ్మిది నెలలు చాలన్నాయి. పిల్లల ఎముక క్షయకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 12 నెలలు చెబుతుంది. మన దేశ మార్గదర్శకాలూ 12 నెలలతో మొదలుపెట్టి, అవసరమైతే 18 దాకా పొడిగించమంటాయి. పసిబిడ్డ వెన్ను విషయంలో ఏడాది తీసుకోవడమే క్షేమం. ప్రభుత్వ కార్యక్రమంలో పరీక్షలు, మందులు ఉచితం. నిక్షయ్ పోషణ్ పథకం కింద పోషకాహారానికి నెలకు 1000 రూపాయలు వస్తాయి. ఒక బిడ్డలో క్షయ తేలిందంటే ఇంట్లో ఎవరో పెద్దవాళ్లకు క్షయ ఉండొచ్చని అనుమానించాలి. అందరికీ పరీక్ష చేయించకపోతే వైద్యం సగమే అయినట్టు.

ఆపరేషన్, ఆ తర్వాత

చీము బాక్టీరియా వల్ల వచ్చిన డిస్కైటిస్‌లో ఆపరేషన్ అవసరమయ్యేది చాలా కొద్దిమందికే. వెన్నుపాము మీద గడ్డ ఒత్తడం, కాళ్లు పడిపోవడం, మందులకు లొంగని పెద్ద చీముగడ్డ, వెన్ను కుంగిపోవడం – ఇవే కారణాలు. కోలుకున్న పిల్లల్లో చాలామందికి ఆ డిస్కు ఖాళీ తగ్గే ఉంటుంది, కొందరికి రెండు పూసలూ అతుక్కుంటాయి. ఎక్కువమంది మామూలుగా ఆడుకుంటారు. మందు పనిచేస్తున్నప్పుడు కూడా ఎమ్మారై చాలాకాలం పాత మచ్చ చూపిస్తుంది. అందుకని బిడ్డ కులాసాగా తిరుగుతుంటే స్కాన్ చూసి మందులు పొడిగించకూడదు, మాటిమాటికీ ఎమ్మారై తీయించనూ కూడదు.

ఇక చేయాల్సింది

సాక్ష్యాలన్నీ ఒకచోట పెట్టి చూస్తే తీర్పు స్పష్టం. మందుల గురించి తేలనివి కొన్ని ఉన్నా, తెలిసినంతలో చాలామంది బిడ్డలను కాపాడగలం. లోటంతా మొదటి మూడు వారాల్లో ఉంది. దాన్ని పూడ్చడానికి కొత్త యంత్రాలు రావాల్సిన పనిలేదు. పిల్లల డాక్టర్లు కుంటుతున్న ప్రతి బిడ్డ చేతా నేలమీది బొమ్మ తీయించి చూడాలి. ఆర్‌ఎంపీలు, మందుల షాపులవాళ్లు కారణం తెలియని నొప్పికి యాంటీబయాటిక్, స్టెరాయిడ్ ఇవ్వడం మానాలి. జిల్లా ఆసుపత్రుల్లో పసిబిడ్డకు మత్తు ఇచ్చి ఎమ్మారై చేసే ఏర్పాటు ఉండాలి. మన మెడికల్ కాలేజీలు తమ కేసులను కలిపి, కింగెల్లా ఎంత, క్షయ ఎంత, స్టాఫిలోకాకస్ ఎంత అన్న లెక్క తేల్చాలి. ఆ లెక్క ఉంటేనే ఏ బిడ్డకు సూది, ఏ బిడ్డకు వద్దన్న నిర్ణయం ఊహ మీద కాక ఆధారం మీద నిలుస్తుంది.

తల్లిదండ్రులకు ఒక్క మాట. నడిచే బిడ్డ నడక మానేసినా, కూర్చునే బిడ్డ కూర్చోనన్నా, లంగోటీ మార్చేటప్పుడు ఏడ్చినా రెండు మూడు రోజులకు మించి ఇంట్లో ఆగకండి. నూనె మర్దనా, కట్టు వద్దు. ఎక్స్‌రే బాగుందని చెప్పినా బాధ తగ్గకపోతే, "వెన్ను చూశారా?" అని డాక్టరును అడగండి.